చెమట పట్టిన రాయి

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో నన్ను తాటిపాక దగ్గర చమురు బావి మీద జియాలజిస్టుగా వేశారు. బావి అడుగు నుంచి తీసిన రాతి కడ్డీని మేం కోర్ అంటాం. దాన్ని చూసి కింద ఏముందో రాసి సంతకం పెట్టడం నా పని. ఆ రాతను బట్టే డ్రిల్లింగ్ ఇంజనీరు ముందుకు తవ్విస్తాడు.

ఆ రోజు వచ్చిన కోర్ నల్లరాయి, ఒకప్పటి లావా. వేడినీళ్ళు దాని పగుళ్ళలో పారి, లోపలి ఖనిజాన్ని సర్పెంటైన్‌గా మార్చేశాయి. పాము ఒంటిలా నున్నగా, పచ్చగా ఉంటుందది. మధ్యలో తెల్లటి ఖనిజపు సిరలు. అవి పూర్తిగా పూడుకుపోయి ఉంటే భయం లేదు. తెరుచుకుని ఉంటే, గ్యాసును అదిమిపట్టడానికి బావిలో నింపిన బురద వాటిలోకి జారిపోతుంది. అప్పుడు గ్యాసు పైకి తన్ని, తవ్వే రిగ్గు మీదున్న వాళ్ళ ప్రాణాలకే ముప్పు. నేను భూతద్దం పెట్టి చూసి, సిరలన్నీ పూడుకున్నాయని రాసేశాను. కొత్తగా చదువుకొచ్చిన గర్వం కూడా కొంచెం ఉంది.

కోర్ షెడ్డులో పెట్టెలు సర్దే సత్యానందం గారిది రాజోలు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయన అల్లుడు అదే రిగ్గు మీద పనిచేసేవాడు. మధ్యాహ్నం ఆయన వచ్చి ఒక సిర తడిగా ఉందన్నారు. కడిగిన నీళ్ళే అయి ఉంటాయి, తుడిచేయమన్నాను. తుడిచారు. కాసేపటికి మళ్ళీ వచ్చారు. మూడోసారి పిలిస్తే విసుక్కుంటూ వెళ్ళాను. మిగతా కోరంతా పొడిగా ఉంది. ఆ ఒక్క సిర వెంట మాత్రం సన్నటి బొట్లు. మేం చూస్తుండగానే ఇంకొకటి ఊరింది. గాలి లేదు, చప్పుడు లేదు.

"నాలిక మీదేసుకు చూసేనండి. ఉప్పగా ఉందండి," అన్నారాయన. "మనం కడిగింది కాలవ నీళ్ళతో కదండీ."

బావి బురద కలిపిందీ ఆ నీళ్ళతోనే. నేనూ వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను. అంతర్వేది సముద్రం కంటే ఉప్పు, చివర చేదు. మనిషి పుట్టక ముందు నుంచీ వెలుగు చూడని నీరు నా నోట్లో ఉంది. ఉమ్మేయాలన్నా భయం వేసింది.

"మావోడు డ్యూటీలో ఉన్నాడండి," అన్నారు సత్యానందం గారు.

రాసింది కొట్టేసి, సిర తెరుచుకునే ఉందని చెప్పడానికి ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తిట్టాడు గానీ తవ్వకం ఆపించి, పగుళ్ళు పూడ్చేందుకు కొబ్బరి పీచు బస్తాలు తెప్పించి పెట్టాడు. పొద్దు వాలకముందే బావికి బురద అందించే తొట్టిలో మట్టం దిగడం మొదలైంది. బుడగ కూడా లేదు. కింద ఎవరో తాగుతున్నట్టు దిగిపోయింది. పీచు కలిపి పోస్తూనే ఉన్నారు. సత్యానందం గారి అల్లుడు బస్తాలు కోస్తూ కనిపించాడు. చాలాసేపటికి మట్టం నిలిచింది. బస్తాలు ముందే రాకపోతే నిలిచేది కాదని ఇంజనీరే అన్నాడు.

తడి కనిపిస్తే తుడిచే ముందు అదేమిటో తేల్చుకోవాలని తర్వాత నా కింద పనిచేసిన వాళ్ళందరికీ నేర్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చెప్పలేదు. రిపోర్టులో గమనించినవారి గడిలో నా పేరే రాసుకున్నాను. మెచ్చుకోలు ఉత్తరం నాకే వచ్చింది. దాన్ని షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించింది సత్యానందం గారు.