నిలబడే పరీక్ష

నెల్లూరులో నేను పనిచేసే ఈఎన్‌టీ ఆసుపత్రికి, మనిషి తూలకుండా ఎంతసేపు నిలబడగలడో కొలిచే కొత్త మిషను వచ్చింది. తల తిరిగేలా చేసే లోపలి చెవి జబ్బును దాంతో పట్టుకోవాలంటే ముందు ఏ జబ్బూ లేనివాళ్ల కొలతలు కావాలి. ఆ వారమంతా నాకు కుదురు లేదు. నర్సులు, ఆటోవాళ్లు, ఆఖరికి నేను కూడా మిషను మీద పరిచిన మెత్తటి స్పాంజి ఎక్కి కళ్లు మూసుకోగానే ఊగిపోయేవాళ్లం. తప్పు మిషనుదో మనుషులదో తేలక కనబడిన వాళ్లందరినీ కసురుకునేవాణ్ణి.

చివరికి బుచ్చిరెడ్డిపాలెం నుంచి వాళ్ల అక్కకు తోడుగా వచ్చిన ఒకావిడను ఎక్కించాను. తోడుగా వచ్చింది కాబట్టి జబ్బు లేనట్టే అనుకున్నాను. నాట్లు వేసే మనిషి. బురదలో దిగినట్టే స్పాంజిలో పాదాలు కుదుర్చుకుని, కళ్లు మూసుకుని, పాతిన గుంజలా నిలబడింది. ఆరోగ్యవంతుల పట్టీలో అందరికంటే పైన ఆమెనే రాసుకున్నాను.

చెప్పులు వేసుకుంటూ అంది. "పడుకుంటేనే సార్, ఇల్లంతా గిర్రున తిరగతాది. నెలనాళ్లుగా గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుండా."

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను విసుగ్గా.

"మీరు నిలబడమంటిరి సార్. నిలబడినా."