కదలని వేలు

ఒకటో తరగతి టీచరమ్మ చూపుడువేలి గోటికింద సుద్ద ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. చదివే పిల్ల పక్కన చతికిలబడి, ఆ వేలిని అక్షరం కింద పెడుతుంది. పిల్ల పలికేదాకా వేలు కదలదు. ఈ పద్ధతి ఆమెకు నేర్పింది పక్క తరగతి టీచరే. ఆవిడను అక్కా అని పిలుస్తుంది. జ్వరమొచ్చి సెలవు పెట్టినప్పుడు పిల్లల్ని ఆవిడకే అప్పగించింది.

తిరిగొచ్చిన రోజు, అందరూ నత్త అని ఏడిపించే పిల్ల పాఠమంతా గడగడా చదివేసింది. టీచరమ్మ కళ్లు చెమర్చాయి. అంతలో చూసుకుంది, తన వేలు ఇంకా మొదటి మాట కిందే ఉంది.

"బట్టీ పట్టించావా అక్కా?" అని గుమ్మంలో నిలబడ్డ ఆవిడను అడిగింది.

"రేపు తనిఖీ కదే. నీ వేలు కదిలేసరికి వీళ్లకు పెళ్లిళ్లయిపోతాయి," అని అక్క నవ్వింది.

టీచరమ్మ మళ్లీ మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. పిల్ల కిటికీ వంక చూస్తూ పాఠం చివరిదాకా అప్పజెప్పింది.