పసుపు తాగిన రైఫిలు

"మిలటరీ ఆయన చెయ్యి వణుకుతోందంట గదా?"

నందిగామ బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర ఎవరో అన్న మాట ఇది. నాతో కాదు, నా వెనక నిలబడి ఇంకొకాయనతో. అరికాలి మంట నెత్తికెక్కింది. గిరుక్కున తిరిగి చూస్తే ఇద్దరూ బుద్ధిమంతుల్లా టీ గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. వాళ్లననేం లాభం? ఆ మాట ఎవరి నోట్లోంచి ఊడిపడి ఊరంతా తిరుగుతోందో నాకు తెలుసు.

నేను సైన్యంలో చేసి రిటైరయినవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకి కాల్చడం నేర్పడమే అక్కడ నా ఉద్యోగం. ఇంటికొచ్చాక ఊరికే కూర్చోలేక, జగ్గయ్యపేట వెళ్లే హైవేకి కాస్త లోపలగా, పాడుబడిన సున్నపురాయి క్వారీలో పెట్టిన రైఫిల్ క్లబ్బులో కోచ్‌గా కుదిరాను. ఆ క్లబ్బుకి ప్రెసిడెంటు జగ్గయ్యపేటలో హోల్‌సేల్ వ్యాపారి. మిగతా వాళ్లందరివీ ఒక్కో రౌండుకీ, అంటే ఒక్కో తూటాకీ, బోల్టు లాక్కుని కాల్చే రైఫిళ్లయితే, ఆయనకి మాత్రం సొంత లైసెన్సు మీద ఒక సెమీ ఆటోమేటిక్ ఉంది. దాంట్లో ఒక రౌండు పేలగానే రెండోది దానంతటదే లోపలికొచ్చి కూర్చుంటుంది. కానీ వేలు వదిలి మళ్లీ ట్రిగ్గరు నొక్కేదాకా అది పేలకూడదు. పేలితే ఆ రైఫిలు రైఫిలు కాదు, ప్రాణగండం. ఆయన దాంతో కాల్చేది తక్కువ, చుట్టాలకి చూపించుకునేది ఎక్కువ.

దసరాకి క్లబ్బులో ఆయుధపూజ చేశారు. చెయ్యనీ, నాకూ భక్తి ఉంది. సైన్యంలోనూ చేసేవాళ్లం. భుజానికి ఆనించే చెక్క మడమకి ఒక బొట్టు, మెడకో చిన్న దండ, అంతే. ఈయన అలా ఊరుకోలేదు. పసుపులో నూనె కలిపి ముద్ద చేసి రైఫిలంతా పట్టించాడు, కుంకుమ అద్దాడు, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దానిమీద పోశాడు. ట్రిగ్గరు సందులోంచి లోపలికి కారుతుంటే నాకు గుండె ఆగినంత పనయింది.

"సార్, లోపల సన్న స్ప్రింగులుంటాయండి. మడమకి బొట్టు పెడితే చాలు," అన్నాను.

"దేవుడి దగ్గర కూడా నీ మిలటరీ రూల్సేనా? పక్కకి జరుగు," అన్నాడు. జరిగాను. తర్వాత పైపైన గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం సభ్యుల కుటుంబాలన్నీ చూడ్డానికొచ్చాయి. ప్రెసిడెంటుగారు తన రైఫిలు నా చేతికిచ్చి, నిలబడి ఎలా కాల్చాలో చూపించమన్నారు. గురి చూసి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి నొక్కాను. రెండు పేలాయి. మొదటిది టార్గెట్‌కి తగిలింది. రెండోది టార్గెట్ల వెనకున్న మట్టిగట్టు పైఅంచున పాతిన నెంబరు రేకుని ఠంగుమనిపించింది. ఇంకో మూరెడు పైకి లేస్తే గట్టు దాటి పత్తి చేలోకి వెళ్లేది. ఆ చేలో కూలీలున్నారు.

వెంటనే రౌండ్లుండే మ్యాగజైను ఊడదీసి, రైఫిలు ఖాళీ చేసి కింద పెట్టాను. "సార్, ఒక్క నొక్కుకి రెండు పేలాయండి. విప్పి చూడందే దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాను.

ఆయన అందరివైపు తిరిగి నవ్వాడు. "రైఫిలుకేం రోగమయ్యా? నీ చెయ్యి వణికింది. వేలు రెండుసార్లు తగిలింది. వయసైపోయింది మిలటరీ, ఒప్పుకో!"

జనం కూడా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. రైఫిలు భుజానికి వదులుగా పెట్టుకుంటే, అది వెనక్కి తన్ని ముందుకొచ్చినప్పుడు వేలు రెండోసారి తగిలే మాట నిజమే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అలా అవుతుంది. ఆ రోగాన్ని తెచ్చి నాకంటగట్టాడు పెద్దమనిషి. నా వేలు ట్రిగ్గరుని చివరిదాకా నొక్కి అక్కడే ఉందని నాకు ఒట్టేసినంత ఖాయంగా తెలుసు. విప్పి చూస్తానంటే, "వణికే చేత్తో నా రైఫిలు ముట్టుకోకు," అన్నాడు. ఆ రోజునుంచి నన్ను ఫైరింగ్ లైనులోంచి తప్పించి, టార్గెట్లు అంటించే పని, మ్యాగజైన్లలో రౌండ్లు నింపే పని అప్పగించారు. ఊరంతా పాకింది కథ.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున మా ఆవిడ ఇచ్చిన టీ గ్లాసు సగమే ఉంది. మర్నాడూ సగమే. అది తాగాక ఇంకో సగం పోస్తోంది. ఒలకకుండా అన్నమాట! ఇంట్లోదాకా వచ్చిందన్నమాట ఆ మాట! కట్టుకున్న మనిషి కూడా నమ్మింది. టీకొట్టు దగ్గర విన్నదానికంటే ఇది ఎక్కువ కాల్చింది నన్ను. అడగడానికి నోరు రాలేదు. ఆ ప్రెసిడెంటు చేతే, అదే చోట, అదే జనం ముందు ఆ మాట వెనక్కి తీయించకపోతే నేను మిలటరీవాణ్ణే కాదనుకున్నాను.

రైఫిలు ముట్టుకోకుండానే దాని జబ్బేమిటో మనసులో విప్పి చూసుకున్నాను. దసరా ముందు వరకు శుభ్రంగా పనిచేసింది. కాబట్టి అరుగుదల కాదు. రౌండు పేలినప్పుడు వెనక్కి వెళ్లిన సుత్తిని, అంటే రౌండుని కొట్టి పేల్చే ముక్కని, వేలు వదిలేదాకా పట్టి ఉంచే చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది. అది చురుగ్గా కదలాలి. పసుపూ నూనే కొబ్బరినీళ్లూ కలిసి ఎండితే ఎలా ఉంటుందో, పూజ పీట కడిగిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. కొక్కెం అతుక్కుపోయింది. పట్టుకోవాల్సిన సమయానికి పట్టుకోవడం లేదు. నాకు తెలిసిపోయింది. ఇక ఆయనకి తెలియాలి.

రోజులు లెక్కపెట్టుకోలేదు గానీ కసి మాత్రం రోజూ కాచుకున్నాను. కార్తీకమాసంలో విజయవాడ నుంచి ఆయన వియ్యాలవారొచ్చారు. సెమీ ఆటోమేటిక్ పెట్టెలోంచి బయటికొచ్చింది. ఇదే సమయం అనుకున్నాను.

"సార్, అందరికీ మీరే కాల్చి చూపించండి. చెయ్యి వణక్కుండా ఎలా కాల్చాలో మేమూ నేర్చుకుంటాం," అన్నాను, ఎక్కడలేని వినయంతో.

ఆయన పొంగిపోయాడు. "చూడు మరి!"

పగ ఉంది గానీ పిచ్చి లేదు నాకు. గట్టెక్కి చూసి, పత్తి చేలో వాళ్లు అన్నాలకి వెళ్లిపోయారని రూఢి చేసుకున్నాను. నిలబడి కాలుస్తానంటే, "పడుకుని కాలిస్తేనే దర్జా సార్," అని ఇసుకమూట వేశాను. ముందుభాగం దానిమీద అణిగి ఉంటే రెండోది పైకి లేవదు. మ్యాగజైనులో పది పట్టే చోట రెండే పెట్టాను.

నొక్కాడు. రెండూ పేలాయి, ఒకదాని వెనకే ఒకటి. రెండూ మట్టిలోనే దిగాయి. ఆయన మొహం పాలిపోయింది. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు.

"నేను ఒక్కసారే నొక్కా! ఒట్టు! ఒక్కసారే నొక్కా!" అని అరిచాడు.

ఆహా, ఆ మాట! ఆ రోజు నేను చెప్పిన మాటే, ఇప్పుడు ఆయన నోట. నా చెవుల్లో తేనె పోసినట్టుంది. వంగి, వియ్యాలవారికి వినపడేలా అడిగాను.

"చెయ్యి వణికిందాండీ?"

ఆయన కుక్కిన పేనులా పడుకునే ఉన్నాడు. ఖాళీ అని చూసుకుని, ఆయన అనుమతితోనే అక్కడే బల్లమీద రైఫిలు విప్పాను. లోపల ఎర్రగా, గట్టిగా, పెచ్చు కట్టి ఉంది. కిరసనాయిలు పోసి పాత బ్రష్షుతో రుద్దితే పసుపు కుంకుమ ముద్దగా ఊడొచ్చింది. గుడ్డమీద పెట్టి అందరికీ చూపించాను. నిదానంగా, వరసలో చివరిదాకా.

"మిలటరీదేం తప్పులేదు. తప్పు నాది," అన్నాడు చివరికి. ఆ చివరి మాట రెండోసారి కూడా చెప్పించాను, వెనకున్నవాళ్లకి వినపళ్లేదని. తృప్తిగా ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే తృప్తిగానే ఉంటుంది. జాలి పడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి మొత్తం చెప్పాను, ఆయన మాటలు ఆయన గొంతుతోనే చెప్పి. కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. మర్నాడు పొద్దున టీ ఇచ్చింది. సగమే.

"ఇంకా ఎందుకే సగం? ఊళ్లో వాళ్లు కూడా మాట మార్చుకున్నారు గదా!" అన్నాను.

ఆమె నావైపు చూడకుండా గిన్నె పొయ్యిమీద నుంచి దించింది. "ఊళ్లో మాట నాకేం తెలుసండీ? మీరు చెప్పేదాకా నాకసలు తెలీదు. నేను ఎండాకాలం నుంచే సగం పోస్తున్నా. మీరే చూసుకోలా," అంది.

గ్లాసు కింద పెట్టాను. అరచెయ్యి తెరిచి వెలుతురులో చాలాసేపు పట్టుకు చూశాను.

ఇప్పుడు క్లబ్బుకి వెళ్తాను, కుర్చీలో కూర్చుని నోటితోనే నేర్పుతాను. ఎందుకు కాల్చవని ప్రెసిడెంటుగారు రెండుమూడు సార్లు అడిగారు. చచ్చినా చెప్పను.