ఆనందం కోసం నడిస్తే ఊరు కట్టేశారు

ఆ రోజుల్లో ఆనందంగా ఉండటం ఎలాగో పొద్దున్నే లేపి చెప్పేవాళ్లు ఉండేవారు కాదు. ఇప్పుడంటే ఫోను తెరిస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా గోరువెచ్చని నీళ్లు తాగమనీ, ఉదయభానుణ్ణి చూడమనీ మనల్ని బతిమాలుతుంటారు. తొంభైల చివర్లో చింతపల్లి దగ్గర ఒక కొండ ఊళ్లో ఉన్న నాలాంటివాడికి ఆ జ్ఞానం వారపత్రిక రూపంలో వచ్చేది, అదీ నర్సీపట్నం జీపులో ఎవరి బుట్ట కిందో నలిగి, ఆలస్యంగా. ఆలస్యంగా వచ్చింది కదా అని నేను దాన్ని మరీ బేగి ఆచరించేశాను. దాంతో ఒక ఊరు ఊరంతా ఓ రోజు మూతపడింది, నా పెళ్లి ఒక వెదురుకర్ర దగ్గర ఆగిపోయింది.

నేనప్పుడు పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుని. (అసలు డాక్టరుగారు చింతపల్లిలో ఉండేవారు. మా ఊళ్లో చేతిలో సిరంజి ఉన్నవాడల్లా డాక్టరే కనుక నేను ‘డాక్టరు బాబు’ని. ఆ పిలుపు విని విని కొన్నాళ్లకి నేనూ నమ్మేశాను.) ఉద్యోగం వచ్చిన కొత్తలోనే మా అమ్మ తన దూరపు వరస అన్నయ్య కూతుర్ని నాకు అనుకుంది. ఆ అమ్మాయిని అంతకుముందే నర్సీపట్నంలో ఒక పెళ్లిలో చూశాను. పంక్తిలో తను గుత్తొంకాయ వడ్డిస్తుంటే అక్కర్లేకపోయినా మళ్లీ మళ్లీ వేయించుకున్నాను. ఆ తర్వాత కడుపులో నొప్పి వచ్చిన మాట నిజమే గానీ, మనసు మాత్రం స్థిరపడిపోయింది. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి, లేకపోతే పశువుల మధ్యే బతుకు గడిపేయాలి అనుకున్నాను.

ఒక రోజు చింతపల్లి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మా అమ్మ అంది: “ఒరే, ఆ గుంట ఏటందో తెలుసా? పిల్లోణ్ణి పెళ్లిలో సూసేను, మళ్లీ సూడక్కర్లేదు, నేను బతకాల్సిన ఊరు సూడాలందట. వచ్చే ఆదివారం తండ్రీ కూతురూ వస్తన్నారు. మన్నెంలో ఉద్దోగం సేసేవాళ్లు జొరాలొచ్చి పీక్కుపోతారని మీ మావయ్యకి ఒకటే బెంగ. నువ్వు కాస్త కళగా ఉండు బాబూ!”

కళగా ఉండటం ఎలా? గదిలో అద్దం చూసుకుంటే, అది అద్దం తప్పో నా తప్పో చెప్పలేను గానీ, కళ అన్నది ఎక్కడా కనిపించలేదు. సరిగ్గా అప్పుడే ఆ వారపత్రిక వచ్చింది. అందులో ‘చిన్న చిన్న మార్పులతో నిత్యానందం’ అని రెండు పేజీల వ్యాసం. తెల్లవారకముందే లేచి చేతులూపుతూ వేగంగా నడవాలట. దారిలో ఎదురైన ప్రతి ప్రాణినీ చిరునవ్వుతో పలకరించాలట. అక్కడక్కడా ఆగి ఒక ముక్కు మూసి రెండో ముక్కుతో గాలి నిండుగా పీల్చాలట. అన్నిటికన్నా ముందు కాఫీ మానేయాలట! నాలుగు పక్కలా కాఫీ తోటలున్న ఊళ్లో కూర్చుని ఆ మాట చదివాను. అయినా సరే, పెళ్లికూతురు ముందు కాఫీ ఏపాటిది అనుకుని శపథం చేశాను.

మొదటి దెబ్బ నేను అద్దెకున్న ఇంటామెకి తగిలింది. ఆమెని నేను అప్ప అని పిలిచేవాణ్ణి. పెరట్లో పండిన గింజలు ఆమే వేయించి, ఆమే దంచి, బెల్లం వేసి మరిగించి రోజూ పొద్దున్నే నాకో గ్లాసుడు ఇచ్చేది. ఆ రోజు గ్లాసు వెనక్కి పంపేశాను. “ఏటి బాబూ, కాఫీలో ఏటైనా పడిందేటి?” అంది కంగారుగా. “లేదప్పా, మానేశాను.” “ఎందుకూ?” “మంచికే” అన్నాను గంభీరంగా. (నిమ్మరసం వేసిన వేడినీళ్లు తాగిన మనిషి మొహం గంభీరంగా కాక ఇంకెలా ఉంటుంది?) అప్ప నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది.

ఇక నడక. చలికాలం, ముందున్న మనిషి కనిపించనంత మంచు. శాలువా కప్పుకుని చేతులూపుకుంటూ ఊళ్లో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచేవాణ్ణి. ఆ వేళకి మనుషులెవరూ ఎదురుపడరు కనుక, ప్రతి ప్రాణినీ పలకరించమన్నారు కనుక, ప్రతి ఇంటి పక్కనా ఉన్న పశువుల శాలలోకి తొంగిచూసి ఆవుల్నీ దూడల్నీ చిరునవ్వుతో పలకరించేవాణ్ణి. అక్కడే నిలబడి ఒక ముక్కు మూసి గాలి పీల్చేవాణ్ణి. ఆ గాలిలో ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. తలుపు సందుల్లోంచి ఊళ్లోవాళ్లు నన్ను చూస్తున్నారని తెలుసు. నా మొహంలో వస్తున్న కళని చూస్తున్నారనుకున్నాను!

వాళ్లు చూసింది వేరు. పశువుల డాక్టరు పొద్దు పొడవకుండా లేచి, వడివడిగా ఇల్లిల్లూ తిరిగి, శాలల్లోకి తొంగిచూసి, వాసన పట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతున్నాడు. పైగా కాఫీ కూడా మానేశాడట, ఎందుకంటే మంచికే అన్నాడట! దానికి ఆ ఊళ్లో ఒకటే అర్థం. పశువులకి పెద్ద జబ్బేదో వస్తోంది. మరి నన్నే అడగొచ్చు కదా అంటారేమో, అక్కడే ఉంది చిక్కు. ఆ ఊళ్లో అలాంటి జబ్బుని ఎవరూ నోటితో అనరు. అంటే పిలిచినట్టేనట, పిలిస్తే వచ్చేస్తుందట. అందుకని అందరూ నన్ను చూసి దణ్ణం పెట్టి ఊరుకున్నారు. గౌరవం పెరిగిందని నేను ఇంకాస్త వేగంగా నడిచాను.

ఆదివారం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జీపు వేళకి పెద్దరోడ్డు మీదికి వెళ్దామని బయల్దేరితే డప్పులు వినిపించాయి. ‘చుట్టూ ఉన్న చిన్న సంబరాల్లో పాలుపంచుకోండి’ అని వ్యాసంలో ఉంది కనుక నవ్వుతూ వెళ్లాను. తీరా చూస్తే మా ఊరి దారి పెద్దరోడ్డులో కలిసేచోట అడ్డంగా ఒక వెదురుకర్ర, దానికి వేపమండలు, పసుపుగుడ్డ. పక్కన ఊరిపెద్ద, ఊళ్లోని మగాళ్లంతా, వాళ్ల వెనకాల ఆడవాళ్లు.

“ఊరు కట్టేసినాం బాబూ. అమ్మోరికి కోడినిచ్చినాం. పొద్దుగూకేదాకా బయటోళ్లు లోపలికి రాకూడదు, లోపలోళ్లు బయటికెళ్లకూడదు” అన్నాడు ఊరిపెద్ద.

“ఎందుకు?” అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూసి, గొంతు తగ్గించి, “మీరు సెప్పకపోయినా మాకు తెలీదేటి? రోజూ సాలల్లో మీరు సూస్తన్నది ఏటో?” అన్నాడు.

“ఆనందం!” అన్నాను.

ఏ జబ్బూ లేదని, ఆరోగ్యం కోసం నడిచానని, కర్ర తీసేయమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన శాంతంగా విన్నాడు. “జబ్బు లేదంటే మరీ మంచిది బాబూ, ఇంక రాదు. కట్టిన కర్ర మాత్తరం పొద్దుండగా తీయకూడదు” అన్నాడు. అంతలో పెద్దరోడ్డు మీద జీపు ఆగింది. మావయ్య దిగాడు, వెనకాల ఆ అమ్మాయి. జీపు వెళ్లిపోయింది. ఏ అమ్మాయి మొహం చూడటానికి నేను ఎన్ని చెత్త గాలులు పీల్చానో ఆ అమ్మాయి కర్రకి అవతల, నేను ఇవతల.

“ఏటి బాబూ ఇది? అల్లుడవుతావనుకుని వస్తే దారికి అడ్డం కర్రేటి?” అన్నాడు మావయ్య. నేను నోరు తెరిచేలోగా ఊరిపెద్ద అందుకున్నాడు. “మా డాక్టరు బాబు దేవుడండి! మా గొడ్ల కోసం తిండీ నిద్రా మానేసి, ఎముకలు కొరికే సలిలో ఇల్లిల్లూ తిరిగి...” వెనకనుంచి అప్ప కన్నీళ్లతో, “కాఫీ కూడా మానేసినాడమ్మా!” అంది. మావయ్య మొహం వెలిగిపోయింది. “పనంటే ఇంత పేణం పెట్టేవాణ్ణి నేను సూళ్లేదమ్మా” అని కూతురితో అన్నాడు. ఆ అమ్మాయి నావైపు సూటిగా చూసి, “నిజమేనా?” అంది.

నిజమే అంటే సరిపోయేది. పెళ్లి కుదిరిపోయేది. కానీ ఆ కళ్ల ముందు నా నోరు నా మాట వినలేదు. “కాదండీ. మీరొస్తారని, మొహంలో కళ వస్తుందని వారపత్రికలో చదివి నడిచాను. ఆవుల్ని చూసి నవ్వాను. అంతే” అని కక్కేశాను. ఆ అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కల్వర్టు మీద కూలబడింది. మావయ్య మాత్రం నవ్వలేదు. “సరే బాబూ, ఇంటికెళ్లి కబురు సేస్తాం” అన్నాడు. ఆ మాటకి మా వైపు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. నా పని అయిపోయిందనుకున్నాను.

కానీ ఆ అమ్మాయి కదల్లేదు. “ఊరు చూడ్డానికి కదా వచ్చాం నాన్నా. కర్ర తీసేదాకా ఉందాం” అంది. మావయ్య గొణుక్కుంటూ కల్వర్టు మీద తువ్వాలు పరుచుకున్నాడు. కర్ర దాటి వస్తువేదీ వెళ్లకూడదు, మాట వెళ్లొచ్చు అన్నాడు ఊరిపెద్ద. సాయంత్రం దాకా మాటలే వెళ్లాయి. ఏం మాట్లాడుకున్నామో చాలావరకు గుర్తులేదు. చీకటి పడుతుండగా కర్ర తీస్తే ఆమె నడిచి మా ఊళ్లోకి వచ్చింది. ఆ మాఘంలోనే పెళ్లి.

ఆమె నా నిజాయితీ చూసి ఆగిపోయిందని చాలా ఏళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మొన్నామధ్య మా కూతురికి కూడా ఆ మాటే చెబుతుంటే, పక్కనుంచి మా ఆవిడ “నిజాయితీ లేదు, నీ మొహం లేదు. జీపు వెళ్లిపోయింది, ఇంకేం చేస్తాం?” అని గాలి తీసేసింది. “మధ్యాహ్నం ఇంకో జీపు వచ్చి మీ ముందే ఆగింది కదా? డ్రైవరు నర్సీపట్నం, నర్సీపట్నం అని అరిచాడు కూడా” అన్నాను. “ఏమో, నేను చూళ్లేదు” అంటూ లేచి లోపలికి వెళ్లిపోయింది. నిజంగానే ఆ జీపు ఆగింది, అరిచింది, ఖాళీగా వెళ్లిపోయింది. కర్రకి ఇవతల కూర్చున్న ఆ కుర్రాడు దాన్ని చూస్తూనే ఉన్నాడు. చూస్తూ, మొహంలో కళ వచ్చిందా లేదా అని చెంపలు తడుముకుంటున్నాడు, వెర్రి వెధవ.