బెంచీ దిగిన గ్రిసెల్డా

మా ఊరు పైసాందూలో పిల్లల బడి వరండాలో ఒక బెంచీ ఉంది. బడి గంట కొట్టింది మొదలు పిల్లల్ని వదిలేదాకా గ్రిసెల్డా దానిమీదే కూర్చునేది. ఆమె కూతురు మైతెకి ఒంట్లో ఇన్సులిన్ పుట్టని రకం చక్కెర జబ్బు. ఆ తల్లి చేసిన నేరమల్లా అదే. "ఏదైనా అయితే మాకు సంబంధం లేదు. మీరుంటేనే పిల్ల ఉంటుంది" అన్నారు పెద్దటీచరు ఒఫేలియా. ఆ నియమం ఏ కాగితం మీదా లేదు. గ్రిసెల్డా అడగనూలేదు. కుట్టుకొట్టులో పని మానేసి, ఆ బెంచీ మీదే ఊరి పిల్లల తెల్ల బడిచొక్కాలకు అంచులు కుట్టుకుంటూ గడిపింది.

హైస్కూల్లో ఉన్న మా పెద్దబ్బాయిదీ అదే జబ్బు. ఒకరోజు ఆమె పక్కన కూలబడ్డాను.

"ఎన్నాళ్ళక్కా ఈ కాపలా?"

"పిల్ల చదవాలిగా."

"కాపలా ఫోనుకి అప్పగిద్దాం. నేర్చుకుంటావా?"

"నా మొహం! నాకు కుట్టుమిషను తప్ప ఏం తెలుసు?"

"దారం తెగితే ఎక్కడ తెగిందో వెతుక్కోవూ? ఇదీ అంతే."

మాలాంటి తల్లిదండ్రులే రాసి, ఊరికే పంచుకునే ప్రోగ్రాం అది. పిల్ల చేతికి అంటించిన సెన్సర్ నెత్తుట్లో చక్కెర ఎంతుందో ఐదేసి నిమిషాలకు ఫోనుకి చెబుతుంది. ఫోను లెక్కగట్టి, నడుముకున్న పంపుతో ఇన్సులిన్ పెంచమనో తగ్గించమనో అంటుంది. దీనికి ఏ కంపెనీ పూచీ లేదు, తప్పు జరిగితే మనదే భారం. అందుకే గ్రిసెల్డా డాక్టరుకి చెప్పి, సెలవుల్లో ఇంట్లోనే పెట్టి చూసుకుంది. ప్రోగ్రాం ఫోనులోకి ఎక్కిస్తూ సగం దాకా వచ్చి మొదటికి పోయేది. విసుక్కునేది, ఏడ్చేది, మళ్ళీ కూర్చునేది. నేను చేసిపెడతానంటే నా చెయ్యి పక్కకు నెట్టింది. "వద్దు. పాడైతే బాగుచేసుకోవాల్సింది నేనేగా."

బడి తెరిచారు. తరగతి గుమ్మంలో పిల్లల ఫోన్లన్నీ వేయించే బుట్ట.

"నియమం అందరికీ ఒకటేనమ్మా" అన్నారు ఒఫేలియా.

"మీ కళ్ళద్దాలు కూడా బుట్టలో వేసి పాఠం చెబుతారా టీచరమ్మా?"

గ్రిసెల్డా నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు. ఒఫేలియా కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఒక్కరోజు చూద్దాం. తేడా వచ్చిందో, మళ్ళీ బెంచీయే."

మైతె చొక్కా లోపల ఫోనుకో జేబు కుట్టి పంపింది.

ఆరోజే వాన. మా దగ్గర వాన పడితే పొయ్యిమీద నూనె కాగాల్సిందే. వేడివేడి టోర్టా ఫ్రీతా, అదే వేయించిన రొట్టె, పైన చక్కెర చల్లుకుని తినాల్సిందే. నేను గ్రిసెల్డా ఇంట్లో ఉన్నాను. మైతె ఫోనునుంచి ఆమె ఫోనుకి వచ్చే చక్కెర గీత నిటారుగా లేస్తోంది. గ్రిసెల్డా కోటు వేసుకుని తలుపుదాకా వెళ్ళి ఆగిపోయింది. "నేనిప్పుడు పరిగెత్తానంటే ఆ బెంచీ నాకు రాసిచ్చేసినట్టే." వెనక్కొచ్చి ఫోను చేసింది.

"మైతె ఏమైనా తిన్నదా టీచరమ్మా?"

"ఏమీ తినలేదమ్మా."

"నిజంగానా?"

"వాన కదా, రొట్టెలు వేయించాను. అంతే."

"రొట్టెలు తిండి కాదా?"

"అయ్యో, వాన రొట్టెల్ని కూడా ఎవరైనా లెక్కపెడతారా!"

"నా కూతురు పెట్టాలి. ఎన్ని తిన్నదో ఫోనులో కొట్టమనండి. దానికి తెలుసు."

అప్పటికే ప్రోగ్రాం తనంతట తాను ఇన్సులిన్ పెంచుతోంది. మైతె రొట్టెల సంగతి చెప్పాక, ఇచ్చింది పోను మిగతాది లెక్కేసి ఇచ్చింది. గీత మెల్లగా వంగింది, దిగింది, దిగాల్సినచోట నిలబడింది. గ్రిసెల్డా అప్పుడు కోటు విప్పింది.

బడి వదిలే వేళకి ఒఫేలియా బెంచీ దగ్గర నిలబడి ఉన్నారు, చేతులకింకా పిండి. "రేపటినుంచి ఇక్కడ కూర్చోకండి. ఆ గీత ఎలా చూడాలో మాత్రం నాకు నేర్పండి."

ఖాళీ అయింది ఒక్క బెంచీ. మా పిల్లల కాపలా యంత్రాన్ని మేమే తయారుచేసుకోవాల్సి రావడం సర్కారుకి సిగ్గుచేటు, అది సర్కారే ఇవ్వాలన్న పోరు మేం మానం. మీరు ఈలోగా మీ పిల్లల బడి వరండాలోకి తొంగిచూడండి. అక్కడ ఏ తల్లయినా రోజూ కూర్చుని కనిపిస్తే, ఎందుకని అడగండి. ఆమె నోరు తెరవకపోతే మీరే పెద్దటీచరు దగ్గరికి వెళ్ళి, ఆ బిడ్డ ఫోను బుట్టలోంచి తీయించండి.