నేను చదవకుండా వదిలేసిన పేరా

మా ముడిమ్యాలలో ఇప్పటికీ కొందరు అతన్ని 'ఉల్లిగడ్డల ఫౌజీ' అంటరు. ఆ పేరు పెట్టింది ఊరు. పెట్టనిచ్చింది నేను.

ఆ పేరు పడ్డది కార్గిల్ లడాయి గెలిచినంక వచ్చిన జనవరి జెండా పండుగనాడు. అతను ఫౌజులో వంటోడు, సెలవు మీద వచ్చిండు. లడాయికి పోయిండా, పెండ్లిల వండ పోయిండా అని అప్పటికే ఊళ్లో నవ్వులు మొదలైనయి. అతని దగ్గర ఒక కాగితం ఉన్నది. గెలిచినంక కమాండరు తన జవాన్లందరికీ పంపిన సందేశం, ఇంగ్లీషులో. అందులో వంటోళ్ల ముచ్చట కూడా ఉన్నదని తోటివాళ్లెవరో అతనికి చెప్పిండ్రు. అతనికి ఇంగ్లీషు రాదు.

నాకు వచ్చు. అదే నా గొప్ప. అమీర్‌పేటలో అప్పుడు కంప్యూటర్ కోర్సు చేస్తున్న; ఉద్యోగం లేదు. కోర్సోళ్లిచ్చిన ట్యాగు మెడలో వేసుకొనే బస్సు దిగేటోన్ని. ఊరోళ్లు అది కంపెనీ ట్యాగు అనుకున్నరు, నేను కాదనలేదు. మా బర్రె మెడలో గంట, నా మెడలో ట్యాగు. గంటకైనా ఒక పని ఉండేది.

ఊళ్లోకి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా చేతికే వచ్చేది. నేను ఏం చెప్తే అందులో అదే ఉన్నట్టు.

"అన్నా, జర తెలుగుల చదువు. నేను చెప్తే నమ్ముతలేరు," అని ఆ పొద్దున బడి దగ్గర కాగితం ఇచ్చిండు. ఇస్త్రీ చేసిన యూనిఫారంలో జెండా పక్కన నిలబడ్డడు. వాళ్లవ్వ అందరికన్నా ముందట కూసున్నది.

సందేశంలో మూడు పేరాలు. మొదటి రెండు శిఖరాలు గెలిచినోళ్ల గురించి, ప్రాణాలిచ్చినోళ్ల గురించి. గొంతు పెంచి చదివిన. చప్పట్లు కొట్టిండ్రు. మూడోది వంటోళ్ల గురించి. దాన్ని లోపల్లోపలే చదువుకోంగనే కడుపు మండింది. ఇంత చదివిన నాకు లేని చప్పట్లు గరిటె పట్టినోనికా అనుకున్న. జై హింద్ అని కాగితం మడిచిన.

"మరి మనోడు యాడున్నడు అండ్ల?" అని వెనుక నుంచి ఒకరు.

"కొండ కింద ఉల్లిగడ్డలు కోస్తుండె," అని ఇంకొకరు.

అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన. అతను దగ్గరికి వచ్చి మెల్లగా అడిగిండు.

"గంతేనా అన్నా?"

"గంతే."

వాళ్లవ్వ కొంగు సర్దుకొని లేచి ఇంటికి పోయింది. అతను సెలవు అయిపోకముందే బండెక్కిండు.

ఇంత తెలివి గల నేను చివరికి ఏమైన? మొయినాబాద్ చుట్టూ సాఫ్ట్‌వేరోళ్లకు ప్లాట్లు చూపెట్టేటోన్ని అయిన. కొన్నేండ్లకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫామ్‌హౌస్ దావతుకు పిలిస్తే పోయిన. ఏదో ప్రాజెక్టు గడువులోపల అప్పజెప్పిండ్రట. మేనేజరు మైకు పట్టుకొని, మనం యుద్ధం గెలిచినం, మీరందరు నా సైనికులు అన్నడు. ఏసీ గదిలో కూసొని గెలిచిన సైనికులు ఈలలు వేసిండ్రు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. వాళ్లలో ఇద్దరు ప్లాట్లు చూస్తున్నరు మరి.

ప్లేటు పట్టుకొని పోతే, అన్నం డేగిశ దగ్గర గరిటె పట్టుకొని అతనే. ఫౌజు నుంచి వచ్చేసి దావతులకు వండుతున్నడు.

"మా బిడ్డ చదివింది అన్నా ఆ కాగితం," అన్నడు, బగారన్నం వడ్డిస్తూ. "ఇంకో పేరా ఉన్నది కద."

నేను ప్లేటు ఇంకొంచెం ముందుకు చాపిన.

"నాకేమైతది. ఆ దినం మా అవ్వ ముందట కూసున్నది. గంతే అనుకొనే కండ్లు మూసింది."

వచ్చే జెండా పండుగకు మొత్తం చదువుత అన్న. అతను తల అడ్డంగా ఊపిండు.

"వద్దు. ఇప్పుడు చదివితే నేనే బతిలాడి చదివించిన అంటరు. నీ వెనుక లైనున్నది, జరుగు."

జరిగిన. చదవొద్దన్నడు గని రాయొద్దనలేదు. ఆ మూడో పేరా నాకింకా యాదికున్నది; అప్పుడు చదవాల్సినట్టు ఇది:

"గుండ్లు పడుతుంటే వేడి రొట్టెలు మూటగట్టి కొండ మీదికి మోసిన మన వంటవాళ్లను మరువకండి. వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మీరు మీదికి ఎక్కగలిగింది ఆ రొట్టె తిన్నందుకే. ఈ గెలుపులో మీది ఎంతో, వాళ్లదీ అంతే."