మందుల గది సార్‌తో నా ఆఖరి తగువు

గురువారం పొద్దున్న వార్డులో ఉండగా ఫోనొచ్చింది. మా ఆసుపత్రి మందుల గది సార్ తెల్లవారుజామున గుండెపోటుతో పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. సోమవారం నుంచి ఆయనతో మాటలు మానేశాను. ఒకట్రెండు రోజుల్లో నేనే వెళ్లి పలకరిద్దాం అనుకున్నాను. అంత వ్యవధి కూడా ఇవ్వలేదు ఆ మనిషి.

రాజమహేంద్రవరంలో మాది చిన్న ఆసుపత్రి. నేను డయాలసిస్ వార్డులో నర్సుని. కొందరికి మెడ దగ్గర రక్తనాళంలోకి గొట్టం వేసి ఉంటుంది. డయాలసిస్ అయ్యాక, మళ్లీ వచ్చేదాకా అందులో క్రిములు చేరకుండా యాంటీబయోటిక్, రక్తం గడ్డకట్టకుండా ఇంకో మందు కలిపి నింపి, మూత బిగిస్తాం. దాన్నే లాక్ అంటాం. అది కలిపి సిరంజిల్లో ఇవ్వడం సార్ పని.

ఆ పని చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఒక్కో సిరంజినీ తెరిచిన తన నల్ల గొడుగు గుడ్డకి ఎదురుగా పెట్టి, మబ్బుగా ఉందా, నలకలున్నాయా అని తిప్పితిప్పి చూసేవారు. కలిపిన టైము రాసి లేకపోతే పారేసేవారు. "బానే ఉంది కదండీ" అంటే, "ఎవరు చెప్పారు సిస్టరమ్మా, మీ కళ్లా?" అనేవారు.

సోమవారం నేను వచ్చేసరికి మందుల ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. రాత్రి కరెంటు పోయింది, ఆ ప్లగ్గుకి జనరేటర్ లేదు. ముందురోజు కలిపిన ఆరు సిరంజిలూ గోరువెచ్చగా ఉన్నాయి. సార్ అన్నీ పక్కన పెట్టేశారు.

"నిన్నే కలిపారు కదా సార్. పుస్తకం ప్రకారం ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుందని మీరే అన్నారు."

"పుస్తకంలో ఫ్రిజ్‌కి కరెంటు పోదమ్మా. ఇది ఎంతసేపు వేడిలో ఉందో మీకు తెలుసా, నాకు తెలుసా?"

"నీళ్లలా తేటగా ఉంది, చూడండి."

"తేటగా ఉంటే బలం ఉన్నట్టు కాదు."

కొత్తగా కలుపుదామంటే యాంటీబయోటిక్ నిండుకుంది. ఆయనే ఆటోలో వెళ్లి తెచ్చారు. లాక్ లేనిదే తీయకూడదని అందాకా ఎవర్నీ మెషీన్ మీంచి తీయలేదు. బయట రెండో షిఫ్టు పేషెంట్ల గొణుగుడు. మెషీన్ మీదున్న చేపలమ్మే ఆవిడకి ఊరికెళ్లే బస్సు తప్పిపోయింది. "ఏంటమ్మా ఇది, సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవాలా?" అని నా మీద పడింది.

ఆ కోపమంతా మోసుకెళ్లి ఆయన కిటికీ దగ్గర దించాను. "మీతో నేను పడలేనండి. మీ చాదస్తానికి మేం తిట్లు తినాలా?"

ఆయన లేబుల్ రాస్తూ తలెత్తకుండా అన్నారు. "తినండమ్మా. తిట్లు తింటే జ్వరం రాదు."

అదే ఆయన నాతో అన్న చివరి మాట.

ఆయన అలా ఎందుకయ్యారో నాకు తెలియక కాదు. పోయిన వానాకాలం ఇదే చేపలావిడ గొట్టంలోకి ఇన్ఫెక్షన్ చేరి, చలిజ్వరంతో మంచం ఊగిపోయేలా వణికింది. ఆ గొట్టం తీసి రెండోవైపు వేయాల్సొచ్చింది. సార్ రోజూ వచ్చి ఆవిడ మంచం దగ్గర నిలబడేవారు. "ఆ మందు నేనే కలిపాను. ఎక్కడ తేడా వచ్చిందో తెలీట్లేదు" అన్నారొకసారి. తేడా ఆయన దగ్గరే వచ్చిందని ఎవరూ అనలేదు. ఆయనే వదల్లేదు.

సోమవారం నాటి ఆరుగురిలో ఎవరికీ జ్వరం రాలేదు. ఆయన పారేసినందుకు రాలేదా, పారేయకపోయినా వచ్చేది కాదా? ఎవర్నడిగినా చెప్పలేరు. ఆయన తప్పని తేలితే కోపం ఉంచుకునేదాన్ని, ఒప్పని తేలితే దణ్ణం పెట్టేదాన్ని. రెంటికీ వీల్లేకుండా చేసి వెళ్లిపోయారు. ఇప్పుడు కరెంటు పోతే సిరంజిలు పారేసేది నేనే, తిట్లు తినేదీ నేనే.

శుక్రవారం లూథరన్ చర్చి సమాధుల తోటలో ఆయన్ని ఉంచారు. ఎండ, గాలి, తవ్విన మట్టి దుమ్ము. పాట పాడుతుండగా వెనక్కి చూశాను. గేటు బయట చేపలమ్మే ఆవిడ నిలబడి ఉంది. దుమ్ము తగలకుండా మెడ మీద కట్టుని రెండు చేతులతో కప్పుకుని, లోపలికి రాకుండా, అందరూ కదిలేదాకా అలాగే నిలబడింది.